సొంతం కాని పిల్లలను సాకే పెంపుడు జంతువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో కుక్క, పిల్లి, మేకలు, కోళ్లు, ఆవు ఒకే పెరట్లో కలిసి పెరగడం మామూలే. అందువల్ల ఒక జంతువు మరొక జంతువు పిల్లను చేరదీయడం ఇక్కడివారికి కొత్త కాదు. అయితే అటువంటప్పుడు ఏమి చేయాలో, ఏమి చేయకూడదో తెలియక పోగొట్టుకునే పిల్లలు చాలానే ఉంటాయి. అటువంటి నష్టం కొంతైనా తగ్గాలన్న కోరికతో ఈ సమాధానాలు రాశాము.

మా కుక్క ఒక పిల్లిపిల్లను నాకుతూ పక్కలో పడుకోబెట్టుకుంటోంది. ఇది తల్లిప్రేమేనా, లేక తన పిల్లే అనుకుని పొరబడుతోందా?

పొరపాటని కొట్టిపారేయడం సరికాదు. వాసనతోనే లోకాన్ని తెలుసుకునే కుక్కకు తన పిల్లకూ పిల్లిపిల్లకూ తేడా తెలియకుండా ఉండదు. తేడా తెలిసి కూడా దగ్గరకు తీసుకోవడానికి కారణం దాని ఒంట్లోనే ఉంది. ఈనే సమయానికి ప్రొజెస్టిరాన్ తగ్గిపోయి, ఈస్ట్రోజెన్, ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ అనే హార్మోన్లు పెరిగినప్పుడు, అంతవరకు చిన్న ప్రాణులను పట్టించుకోని ఆడ జంతువు కూడా వాటి వైపు మళ్లుతుంది. ఆ స్థితిలో ఉన్న తల్లిని సన్నని కూత, ఒంటి వెచ్చదనం, పాల కోసం పొట్ట కింద వెతుక్కునే మూతి కదిలిస్తాయి, అవి ఏ జాతి పిల్లవైనా సరే. పెద్ద తల, పెద్ద కళ్లు, పొట్టి ముఖం ఉన్న పసి రూపం మనుషుల్లో కూడా సాకే కోరికను రేపుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లోనే ప్రతిపాదించాడు.

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గాని, అదే కాకి తన గూట్లో కోకిల పెట్టిన గుడ్డును పొదిగి, ఆ పిల్లకూ మేత పెడుతుంది. అక్కడ కాకి మోసపోతోంది, ఎందుకంటే కోకిల జాతి మనుగడే ఆ మోసం మీద ఆధారపడి ఉంది. పెరట్లో పిల్లిపిల్లను చేరదీసిన కుక్కను ఎవరూ మోసగించలేదు. దాని ప్రవర్తనను ప్రేమ అనడానికి సంకోచించనక్కరలేదని మా అభిప్రాయం, ఎందుకంటే మనుషుల్లో తల్లిబిడ్డల అనుబంధానికి ఆధారమైన హార్మోన్లు కూడా ఇవే.

అన్ని జంతువులూ ఇలాగే పరాయి పిల్లలను ఒప్పుకుంటాయా?

ఒప్పుకోవు. పిల్లులు చాలా ఉదారంగా ఉంటాయి. ఒకే ఇంట్లో రెండు పిల్లులు దగ్గర దగ్గరగా పిల్లలు పెడితే, రెండూ పిల్లలన్నిటినీ ఒకచోట చేర్చి వంతులవారీగా పాలివ్వడం తరచుగా చూస్తాము. కుక్కలు కూడా బాలింత దశలో సులభంగానే ఒప్పుకుంటాయి. పుట్టినప్పుడు కళ్లు తెరవని, నడవలేని పిల్లలను ఒక మూల దాచి పెంచే జంతువులకు ఆ మూలలో ఉన్నవన్నీ తన పిల్లలే అనుకున్నా నష్టం లేదు. మేక, గొర్రె సంగతి వేరు. వాటి పిల్లలు పుట్టిన గంటలోపే లేచి మందలో తిరుగుతాయి కాబట్టి, తన పిల్ల ఏదో తల్లికి వెంటనే తెలిసి తీరాలి. అందుకే అవి ఈనిన ఒకటి రెండు గంటల్లోనే పిల్ల వాసనను గుర్తుపెట్టుకుని, ఆ తరువాత వచ్చిన ఏ పరాయి పిల్లనైనా కుమ్మి తరిమేస్తాయి. ఇది తల్లి కాఠిన్యం కాదు, ఉన్న కొద్ది పాలు తన పిల్లకు దక్కించుకునే జాగ్రత్త.

తల్లి చనిపోయిన మేకపిల్లను వేరే మేకకు ఎలా మచ్చిక చేయాలి?

గంజాం, గజపతి జిల్లాల్లో గంజాం మేకల మందలు మేపే గొల్లల ఇళ్లలో ఈ అవసరం ఎప్పుడూ ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పటిలా ఒక్క రాత్రిలో పశువులు పోయిన సందర్భాల్లో ఈ పని తెలిసి ఉండటం మరీ అవసరం.

అన్నిటికంటే మంచి సమయం మరో మేక ఈనుతున్న సమయం. తల్లిలేని పిల్లను సిద్ధంగా ఉంచుకుని, ఈనే మేక ఉమ్మనీటితో దాని ఒళ్లంతా, ముఖ్యంగా తల, వీపు, తోక మొదలు బాగా తడిపి, ఆ మేక తన పిల్లను నాకడం మొదలుపెట్టే ముందే దాని మూతి దగ్గర పెట్టాలి. పిల్ల గట్టిగా లేచి పరుగెత్తేంత పెద్దదైతే తల్లికి అనుమానం వస్తుంది కాబట్టి, కాసేపు కాళ్లు పట్టుకుని నేల మీద పడుకోబెట్టి ఉంచాలి. తల్లి మొదట పిల్ల తోక కింద వాసన చూస్తుంది. ఒప్పుకుంటే నోరు తెరవకుండా గొంతులోనే సన్నగా గునుస్తూ నాకడం మొదలుపెడుతుంది, తోక ఆడిస్తూ పొదుగు దగ్గరకు వచ్చిన పిల్లకు వీలుగా వెనక కాలు కొంచెం జరుపుతుంది. ఒప్పుకోకపోతే పక్కకు తిరిగిపోతుంది, లేదా తల వంచి కుమ్ముతుంది. మొదటిసారి కుమ్మిందని నిరాశపడనక్కరలేదు.

మేక పిల్ల చచ్చిపుట్టిన సందర్భంలో, ఆ చనిపోయిన పిల్ల చర్మాన్ని తీసి తల్లిలేని పిల్లకు చొక్కాలా తొడిగే పద్ధతి చాలా దేశాల గొర్రెల కాపరుల్లో ఉంది. తల్లి తాగించిన పాలు ఆ పిల్ల కడుపులో నుంచి బయటికి వచ్చేసరికి దాని వాసన తల్లికి పరిచితమవుతుంది కాబట్టి, రెండు మూడు రోజుల తరువాత ఆ చర్మాన్ని తీసేయవచ్చు. అయితే పిల్ల రోగంతో చనిపోయినప్పుడు ఈ పని చేయనే కూడదు.

ఈని చాలా గంటలు గడిచిన మేకకు మచ్చిక చేయాలంటే ఓపిక కావాలి. మేకను తల మాత్రమే కదిలేలా ఇరుకైన చోట కట్టి, దాని ముందు మేత ఉంచి, పిల్లను రోజుకు నాలుగైదు సార్లు పొదుగుకు అందించాలి. ఇది రెండు మూడు రోజుల్లో కుదరవచ్చు, వారం కూడా పట్టవచ్చు. మేకను కొట్టి, భయపెట్టి నిలబెట్టడం వల్ల ప్రయోజనం లేదు. భయపడిన మేక పాలు చేపదు.

మచ్చిక అయినా కాకపోయినా, పుట్టిన మొదటి 6 గంటల్లో జున్నుపాలు పిల్ల కడుపులో పడాలి. రోగాలను ఎదుర్కొనే శక్తి పిల్లకు మొదట అందేది ఆ పాల నుంచే, ఒక రోజు గడిస్తే ఆ శక్తిని పేగులు పీల్చుకోలేవు. 2 కిలోల బరువున్న పిల్లకు మొదటి రోజు మొత్తం మీద కనీసం 200 మిల్లీలీటర్ల జున్నుపాలు విడతలుగా పట్టాలి.

దూడ చనిపోయిన ఆవుకు గడ్డి కూరిన దూడ తోలును చూపించి పాలు పితకడం కూడా ఇటువంటిదేనా?

మూలం ఒకటే. దూడ వాసన, స్పర్శ తగిలితే ఆక్సిటోసిన్ విడుదలై ఆవు పాలు చేపుతుంది. కాని అందులో సాకడం లేదు, పాలు తీసుకోవడం మాత్రమే ఉంది. తల్లిలేని మరో దూడను మచ్చిక చేస్తే ఆవుకూ దూడకూ మేలు జరుగుతుంది. ఇక పాలు చేపడం కోసం ఆక్సిటోసిన్ సూది వేసే దురలవాటును పూర్తిగా మానాలి. పాడి పశువు ఆరోగ్యానికి హాని చేసే అటువంటి సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

మా కుక్క ఎప్పుడూ ఈనలేదు, అయినా పాలు వస్తున్నాయి, వేరే జంతువుల పిల్లలను ఎత్తుకుపోతోంది. జబ్బా?

చాలా సందర్భాల్లో జబ్బు కాదు. ఎదకు వచ్చిన కుక్కకు, కట్టినా కట్టకపోయినా, సుమారు రెండు నెలల పాటు గర్భంలో ఉన్నప్పటి వంటి హార్మోన్లే ఉంటాయి. ఆ కాలం ముగిసేటప్పుడు ప్రొలాక్టిన్ పెరగడం వల్ల కొన్ని కుక్కలు గోనెపట్టాలు చింపి పక్క వేసుకుంటాయి, పాత చెప్పునో గుడ్డబొమ్మనో పిల్లలా కాపలా కాస్తాయి, పాలు కూడా పడతాయి. అటువంటి సమయంలో తల్లిలేని పిల్ల దొరికితే నిజంగానే సాకుతాయి. పిల్ల లేనప్పుడు మాత్రం పొదుగును పిండకూడదు, వేడి కాపడం పెట్టకూడదు, ఎందుకంటే తీసిన కొద్దీ పాలు ఊరుతూనే ఉంటాయి. సాధారణంగా రెండు మూడు వారాల్లో అదే సర్దుకుంటుంది. పొదుగు ఎర్రబడి గట్టిపడినా, జ్వరం వచ్చినా, కుక్క తిండి మానేసినా వైద్యునికి చూపించాలి.

మగ జంతువులు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన జంతువులు కూడా సాకుతాయా?

సాకుతాయి. ఎప్పుడూ ఈనని ఆడ ఎలుకల దగ్గర రోజూ పసి ఎలుకపిల్లలను ఉంచితే సుమారు వారం రోజుల్లో అవి ఆ పిల్లలను నాకడం, గూటికి చేర్చడం మొదలుపెట్టాయనీ, మగ ఎలుకలు కూడా అలాగే మారాయనీ 1967లో జే రోసెన్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అంటే హార్మోన్లు దారిని సుగమం చేస్తాయి గాని, అవి లేకపోయినా అలవాటుతో ఆ దారిలో నడవడం సాధ్యమే. ఆపరేషన్ చేసిన కుక్కలు, పిల్లులు పసిపిల్లలకు పక్క వెచ్చదనం ఇవ్వడం, నాకి శుభ్రం చేయడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అయితే ఆపరేషన్ చేయని గండుపిల్లి దగ్గర మాత్రం పిల్లిపిల్లలను ఎన్నడూ వదలకూడదు, ఎందుకంటే పరాయి పిల్లలను చంపే గండుపిల్లులు ఉన్నాయి.

కుక్క పాలతో పిల్లిపిల్ల బతుకుతుందా? మేకపిల్ల సంగతి ఏమిటి?

పిల్లిపిల్ల విషయంలో చాలావరకు కుదురుతుంది. కుక్క పాలలోనూ పిల్లి పాలలోనూ మాంసకృత్తులు సుమారు 7 శాతం లేదా అంతకు మించి ఉంటాయి. ఆవు పాలలో అవి 3 నుంచి 3.5 శాతం మాత్రమే, పాల చక్కెర మాత్రం ఎక్కువ. ఆవు పాలు పట్టిన పిల్లిపిల్లకు విరేచనాలు పట్టుకోవడానికి, ఎదుగుదల లేకపోవడానికి ఇదే కారణం. మేకపిల్లకు కుక్క పాలు ఎంత మాత్రం చాలవు. దానికి రోజూ తన బరువులో కనీసం పదోవంతు పాలు కావాలి, కుక్క తన పిల్లలకే చాలీచాలనంత ఇస్తుంది. కుక్కను ఆ పిల్లకు కాపలాగా, వెచ్చదనంగా ఉండనిచ్చి, పాలు మాత్రం మేకవో ఆవువో సీసాతో పట్టడమే మంచిది.

సరిపోతున్నాయా లేదా అన్నది కంటితో చూసి తేల్చుకోరాదు. పిల్లిపిల్ల పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములు ఉంటుంది, రోజుకు 10 గ్రాముల చొప్పున పెరగాలి. ప్రతి ఉదయం అదే వేళకు చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ మీద ఒక గిన్నె పెట్టి, పిల్లను అందులో ఉంచి తూచి, కాలెండరులో ఆ తేదీ పక్కనే బరువు రాసుకోవడం మంచి అలవాటు. రెండు రోజులు వరుసగా బరువు పెరగకపోతే, తల్లి ఎంత ప్రేమగా నాకుతున్నా పాలు అందడం లేదని అర్థం. పొదుగు దగ్గర పడుకుని ఉండటమే పాలు తాగడం కాదు. ఈ ఒక్క విషయం తెలియక, అంతా బాగుందన్న నమ్మకంతో పోగొట్టుకునే పిల్లలు ఎన్నో ఉంటాయి కాబట్టి ఇక్కడ ఇంత వివరంగా చెబుతున్నాము.

పాల కంటే ముందు వెచ్చదనం చూసుకోవాలి. కుక్కపిల్లలు, పిల్లిపిల్లలు మొదటి వారాల్లో తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు కాబట్టి, మొదటి వారం పక్క దగ్గర 29 నుంచి 32 డిగ్రీల వేడి ఉండాలి. మహేంద్రగిరి చుట్టుపక్కల ఊళ్లలో పుష్యమాసపు రాత్రి ఆ వేడి తల్లి ఒంటి నుంచి తప్ప మరెక్కడి నుంచీ రాదు. చల్లబడిన పిల్లకు పాలు పడితే జీర్ణం కావు, కొరపోయి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ముందు వెచ్చబరచి, తరువాతే పాలు పట్టాలి. మూడు వారాల వయసు వరకు మూత్రం, మలం కూడా తల్లి నాకితేనే వస్తాయి. సాకే జంతువు ఆ పని చేయకపోతే గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో మనం తుడవాలి.

కోడి కింద బాతు గుడ్లు పెట్టి పొదిగించవచ్చా?

నిస్సందేహంగా పొదిగించవచ్చు. నాటు పెట్ట పొదుగుకు వచ్చిందంటే దానికి గుడ్డు ఎవరిదన్న పట్టింపు ఉండదు. అయితే కోడిగుడ్డుకు 21 రోజులు, బాతుగుడ్డుకు సుమారు 28 రోజులు పడుతుంది కాబట్టి, ఆ అదనపు వారం పెట్టను లేవనివ్వకుండా దానికి మేత, నీళ్లు దగ్గరలోనే ఉంచాలి. రెండు రకాల గుడ్లూ కలిపి పొదిగించాలంటే బాతు గుడ్లు పెట్టిన ఏడు రోజులకు కోడిగుడ్లు చేర్చాలి, అప్పుడే అన్నీ ఒకేసారి పగులుతాయి. లేకపోతే ముందు పుట్టిన కోడిపిల్లలను వెంటబెట్టుకుని పెట్ట లేచిపోయి, బాతు గుడ్లు చల్లబడిపోతాయి. బాతుగుడ్డు పెద్దది కాబట్టి, తన గుడ్లు పన్నెండు కప్పగలిగిన పెట్ట కింద ఏడెనిమిదికి మించకూడదు. తల్లి బాతు చెరువు నుంచి తడి ఒంటితో వచ్చి కూర్చుంటుంది, కోడి అలా చేయదు. అందుకని చివరి రోజుల్లో గుడ్ల మీద గోరువెచ్చని నీళ్లు కొద్దిగా చిలకరించాలి.

పిల్లలు పుట్టాక వచ్చే చిక్కు నీళ్ల దగ్గర మొదలవుతుంది. బాతుపిల్లలు కుంటలో దిగగానే పెట్ట గట్టున అటూ ఇటూ పరుగెడుతూ, రెక్కలు విప్పి, గొంతు చించుకుని పిలుస్తుంది. చూసేవారికి వినోదంగా ఉండవచ్చు గాని, ఆ పెట్ట ఆందోళన నిజమైనది. దాని భయంలో న్యాయం కూడా ఉంది, ఎందుకంటే తల్లి బాతు ఈకల నుంచి అంటే నూనె లేని ఆ పిల్లలు త్వరగా తడిసి, చలికి ముడుచుకుని మునిగిపోగలవు. మూడు నాలుగు వారాలు నిండేవరకు వాటిని లోతు నీటిలోకి పోనివ్వకుండా వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెడితే సరిపోతుంది.

కుక్క ఇంత ప్రేమగా ఉన్నప్పుడు పిల్లతో ఒంటరిగా వదిలేయవచ్చా?

మొదటి వారం వదలకూడదు. నాకడం, పక్కలోకి చేర్చుకోవడం, పిల్ల అరిస్తే లేచి చూడటం మంచి గుర్తులు. కళ్లార్పకుండా చూస్తూ ఒళ్లు బిగపట్టడం, నోటితో ఎత్తి విదిలించడం, పిల్ల కూతకు వేటకు సిద్ధమైనట్లు చెవులు నిక్కించడం చెడు గుర్తులు, అవి కనిపించిన వెంటనే విడదీయాలి. తిండి పెట్టేటప్పుడు తప్పనిసరిగా వేరు చేయాలి. తన సొంత పిల్లలున్న తల్లికి మరొక పిల్లను అప్పగిస్తే, చిన్నవాటికి పాలు దక్కుతున్నాయో లేదో చూడాలి.

అడవి జంతువుల్లో కూడా ఇలా జరుగుతుందా?

అరుదుగా జరుగుతుంది. 2018 చివర గిర్ అడవిలో రెండు పిల్లలున్న ఒక ఆడ సింహం సుమారు రెండు నెలల చిరుతపిల్లను చేరదీసి, పాలిచ్చి, వేటాడిన మాంసంలో వాటా పెట్టింది. సుమారు నెలన్నర తరువాత ఆ చిరుతపిల్ల పుట్టుకతో వచ్చిన లోపం వల్ల చనిపోయింది. కెన్యాలోని సంబురులో 2002లో ఒక ఆడ సింహం ఓరిక్స్ అనే జింకజాతి దూడను కాపాడుతూ తిరిగింది గాని, ఆ దూడను మరొక సింహం తినేసింది. సాకే తల్లి మనసు ఎంత మంచిదైనా పిల్ల భద్రతకు అదొక్కటే చాలదని ఈ రెండో ఉదంతం చెబుతుంది.

కోతల సమయంలో పొలంలో అడవిపిల్లి పిల్లలు దొరికాయి. మా పిల్లికి అప్పగించవచ్చా?

అప్పగించకూడదు. చెరకు, వరి పొలాల్లో అడవిపిల్లి పిల్లలను దాచి వేటకు వెళ్తుంది, అవి అనాథలు కావు. ఆ చోట కోత ఆపి, పిల్లలను ముట్టకుండా మనుషులు దూరంగా వెళ్లిపోతే, సాధారణంగా రాత్రికి తల్లి వచ్చి తీసుకుపోతుంది. అడవిపిల్లి, ముంగిస, కొండముచ్చు, రామచిలుక వంటి వాటిని పట్టి ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తెల్లవారినా తల్లి రాకపోతే అటవీశాఖ రేంజి కార్యాలయానికి తెలియజేయాలి.

కొత్త పిల్లను తెచ్చి అప్పగించేటప్పుడు రోగాల భయం లేదా?

ఉంది, దానిని తేలికగా తీసుకోరాదు. వీధిలో దొరికిన పిల్లకు గజ్జి, పురుగులు, కుక్కపిల్ల అయితే రక్త విరేచనాలు కలిగించే పార్వో, మేకపిల్ల అయితే మేకల ప్లేగు అనే పీపీఆర్ ఉండవచ్చు. సాకే జంతువుకు టీకాలు వేయించి ఉంటేనే పిల్లను దగ్గరకు చేర్చాలి. దొరికిన కుక్కపిల్ల గాని పిల్లిపిల్ల గాని కరిచినా, గీరినా, పసిదే కదా అనుకోకుండా గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా వేయించుకోవాలి.

పిల్ల పెద్దదయ్యాక వేరొకరికి ఇచ్చేస్తే సాకిన జంతువు బాధపడుతుందా?

కొన్ని రోజులు వెతుకుతుంది. పక్క వాసన చూడటం, పిలవడం, తిండి తగ్గించడం సహజం, దానిని చూసి మన మనసు కలుక్కుమనడం కూడా సహజమే. కుక్కపిల్లనైనా పిల్లిపిల్లనైనా ఎనిమిది వారాలు నిండేవరకు సాకిన తల్లి దగ్గరే ఉంచాలి. ఆ వయసులో తోటి ప్రాణులతో మెలగడం నేర్చుకుంటాయి కాబట్టి, వీలుంటే సొంత జాతి పిల్లలతో కూడా కాసేపు కలవనివ్వాలి. పాలిస్తున్న తల్లి నుంచి పిల్లను ఒక్కసారిగా తీసేస్తే పొదుగు గడ్డకట్టి వాపు వస్తుంది. అందువల్ల వారం రోజుల పాటు మొదట పగలు, తరువాత రాత్రి కూడా విడదీస్తూ, ఆ రోజుల్లో తల్లికి పెట్టే తిండిని కొద్దిగా తగ్గించాలి. పొదుగు వేడిగా, గట్టిగా తగిలితే ఆలస్యం చేయకుండా దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకువెళ్లాలి. సరిహద్దుకు అవతల ఆంధ్ర ఊళ్లలో ఉన్నవారు 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.